చైనా మధ్యతరగతి పెరుగుదల, గుంటూరు మిర్చి, నా చేతిలోని 30 లక్షలు: ఎటు వెళ్లాలి?

అరండల్‌పేట వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మా నాన్నగారు ఊళ్లో ఉన్న పొలం అమ్మి పంచగా నా వాటాకు వచ్చిన 30 లక్షల రూపాయలు ఏడాదిగా ఫిక్సెడ్ డిపాజిట్‌లో ఉన్నాయి. నేను ఒక ప్రైవేటు కళాశాలలో కామర్స్ బోధిస్తాను. వ్యాపారం గురించి పాఠం చెప్పడమే తప్ప ఇప్పటిదాకా చేసి ఎరుగను.

చైనాలో మధ్య ఆదాయ వర్గం 40 కోట్లకు చేరిందని ఆ దేశపు గణాంక సంస్థే ప్రకటించడం చదివినప్పటి నుంచి నాకు ఒక ఆలోచన పట్టుకుంది. అంతమంది కొత్తగా చేతిలో డబ్బు పెట్టుకుని హోటళ్లలో తింటూ, వస్తువులు కొంటూ, ప్రయాణాలు చేస్తూ ఉంటే, ఆ ఖర్చులో చిన్న పాయ అయినా మన వైపు ఎందుకు రాకూడదు? పైగా ఆ పాయ ఇప్పటికే మన యార్డు గుండా పారుతోంది. మా బావగారికి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. ‘తేజ రకం ధర ఎంత పలుకుతుందన్నది ఇక్కడ కాదు, చైనాలో తేలుతుంది’ అని ఆయన తరచూ అంటూ ఉంటారు.

నా ముందు రెండు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది, చైనా కంపెనీల షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్లు కొనడం. రెండవది, బావగారితో కలిసి ఎగుమతి లైసెన్సు తీసుకుని నేరుగా చైనాకు మిర్చి పంపడం. నా వయసు 41. ఈ సొమ్ములో సగం పోయినా ఇల్లు గడుస్తుంది కానీ, పిల్లల చదువుల మీద దెబ్బ పడుతుంది. ఈ రెండింటిలో ఏదైనా స్వయంగా చేసి చూసినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

ఏసీ సరుకు (జవాబు)

నేను 26 ఏళ్లుగా యార్డులో ఉన్నాను. మొదట గుమాస్తాగా చేశాను, తరువాత సొంత కొట్టు పెట్టాను, పదేళ్లుగా ఎగుమతి చేస్తున్నాను. మీ బావగారి మాట నిజమే కానీ, అందులో సగమే ఉంది. ధర చైనాలో తేలుతుంది, నష్టం మాత్రం గుంటూరులోనే తేలుతుంది.

చైనా మధ్యతరగతి మన మిర్చిని ఎలా తింటుందో ముందు తెలుసుకోవాలి. సిచువాన్, చోంగ్‌చింగ్ ప్రాంతాల వంట అయిన హాట్‌పాట్, అంటే మరుగుతున్న ఎర్రటి కారపు పులుసులో మాంసం, కూరగాయలు ముంచుకుని తినే పద్ధతి, గత ఇరవై, ముప్పై ఏళ్లలో దేశమంతటా వ్యాపించింది. ఇంట్లో వండుకునేందుకు ఆ పులుసు ముద్దను పొట్లాలలో అమ్మే కంపెనీలు వచ్చాయి, పిల్లలు తినే కారపు చిరుతిండ్లు వచ్చాయి. ఇవన్నీ పెద్ద కర్మాగారాల్లో తయారవుతాయి. ఆ కర్మాగారానికి రంగు కావాలంటే షిన్‌జియాంగ్‌లో పండే వారి సొంత మిర్చి ఉంది. ఘాటు కావాలి, అది తక్కువ ఖర్చులో రావాలి అన్నప్పుడు మన తేజ గుర్తుకు వస్తుంది. తిన్న మనిషికి గుంటూరు పేరు తెలియదు, పొట్లం మీద ఉండదు. కాబట్టి మనం అమ్ముతున్నది మధ్యతరగతికి కాదు, మధ్యతరగతికి అమ్మేవాడికి. బ్రాండు పేరుకు వచ్చే లాభమంతా అతని దగ్గర ఆగిపోతుంది, మనకు క్వింటాలు లెక్క మిగులుతుంది. హెనాన్‌లోనో, గ్వీజౌలోనో వారి పంట బాగా పండిన ఏడాది ఆ క్వింటాళ్లు కూడా తగ్గుతాయి.

అలాగని ఇది చిన్న వ్యాపారం కాదు. 2023-24లో మన దేశం నుంచి సుమారు 6 లక్షల టన్నుల మిర్చి, 12 వేల కోట్ల రూపాయలకు పైగా విలువైనది ఎగుమతి అయితే, అందులో చైనా ఒక్కటే దాదాపు 1.8 లక్షల టన్నులు కొన్నది. అంత పెద్ద కొనుగోలుదారు ఒక్కడే ఉండడం బలం అనుకుంటాం కానీ, అతను దగ్గితే మనకు జ్వరం వస్తుంది. 2020 జనవరి, ఫిబ్రవరి నెలల్లో వుహాన్ మూతపడి ఓడలు ఆగినప్పుడు, అప్పుడే కొత్త కాయ యార్డులోకి దిగుతోంది. వారం తిరగకముందే తేజ ధర జారిపోవడం కళ్లారా చూశాను. 2017లో ధర కుప్పకూలితే కేంద్రం క్వింటాలుకు 5,000 రూపాయలతో మార్కెట్ జోక్యం, అంటే ధర పడినప్పుడు రైతును ఆదుకునే పథకం, ప్రకటించవలసి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో మళ్లీ అదే పథకం కింద 11,781 రూపాయలు నిర్ణయించారు. అంతకు రెండేళ్ల ముందు మంచి సరుకు 20 వేలు దాటి పలికిన యార్డు ఇదే.

ఇక మీ 30 లక్షల సంగతి. ఇరవై, పాతిక టన్నులు పట్టే ఒక పెద్ద కంటెయినరు నింపాలంటే, క్వింటాలు 12 వేల చొప్పున వేసుకున్నా పాతిక టన్నులకు అక్షరాలా 30 లక్షలు. తొడిమ తీయించే కూలి, ప్యాకింగు, చెన్నై రేవు దాకా లారీ కిరాయి, ఓడ ఖర్చు ఇంకా లెక్కలోకి రాలేదు. అంటే మీ ఆస్తి మొత్తం ఒకే ఒక్క ఇనుప పెట్టెలో సముద్రం మీద ఉంటుంది.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం. కొన్నేళ్ల కిందట చింగ్‌డావ్ రేవుకు రెండు కంటెయినర్లు పంపాను. ముప్పై శాతం అడ్వాన్సు ముందే ఇచ్చారు, మిగతాది కాగితాలు బ్యాంకుకు చేరాక ఇవ్వాలి. సరుకు ఓడలో ఉండగానే మార్కెట్ పడింది. పెట్టెలు రేవులో దిగాక, నేను పంపిన మచ్చుకూ సరుకుకూ పొంతన లేదనీ, తాలు కాయలు, అంటే రంగు వెలసిన నాసి కాయలు, ఎక్కువగా ఉన్నాయనీ, ధర తగ్గిస్తేనే విడిపించుకుంటామనీ కబురు వచ్చింది. మచ్చు నేనే నా చేతులతో తీశాను, సరుకులో లోపం లేదు. కానీ రేవులో రోజుకింత అద్దె పెరుగుతూ ఉంటే, వెనక్కి తెప్పించడానికి అయ్యే ఖర్చు నష్టం కంటే ఎక్కువై, వారు అడిగినంతా తగ్గించి వదిలించుకున్నాను. ఆ ఏడాది మిగతా పెట్టెల మీద వచ్చిన లాభం ఆ రెండింటితో సరి. అప్పటి నుంచి ఈసీజీసీ బీమా (కొన్నవాడు డబ్బు ఎగ్గొడితే ఆదుకునే ప్రభుత్వ సంస్థ బీమా) లేకుండా, పాత బేరగాడైనా సరే, పెట్టె కదిలించలేదు.

కాగితాల పని కూడా మునుపటిలా లేదు. ఐఈసీ కోడ్ (ఎగుమతి, దిగుమతి చేసేవారికి ప్రభుత్వం ఇచ్చే సంఖ్య), స్పైసెస్ బోర్డు నమోదు పత్రం తెచ్చుకోవడం తేలికే. కానీ 2022 జనవరి 1న చైనా కస్టమ్స్ వారి 248వ ఉత్తర్వు అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఆహార సరుకును శుద్ధిచేసే, నిల్వచేసే విదేశీ యూనిట్లు వారి దగ్గర నమోదై ఉండాలి. మసాలా దినుసులకైతే మన ప్రభుత్వ సంస్థ సిఫారసు కూడా కావాలి. మీకు సొంత యూనిట్ లేదు గనుక, నమోదైన యూనిట్ ఉన్నవారి ద్వారానే పంపవలసి ఉంటుంది. అప్పుడు ‘నేరుగా ఎగుమతి’ అన్న మాటలో నేరు ఎక్కడ ఉన్నట్టు?

కాబట్టి నా సలహా ఇది. బోర్డు కట్టుకుని ఎగుమతిదారు కావద్దు, ఎగుమతిదారుకు అవసరమైన సరుకు తయారుచేసే మనిషి కండి. తొడిమ తీసి, తాలు ఏరి, తేమ సరిచూసి, పురుగుమందు అవశేషాల పరీక్ష చేయించిన లాటును ఇవ్వగలవారు గుంటూరులో ఉండవలసినంతమంది లేరు. మునుపు చైనా బేరగాళ్లు కాయ విరిచి, వాసన చూసి ‘సరే’ అనేవారు. ఇప్పుడు ల్యాబ్ కాగితం ముందు అడుగుతున్నారు. ఆ దేశపు మధ్యతరగతి మన యార్డులో నిజంగా కనబడేది అక్కడే అనిపిస్తుంది నాకు. తినేవాడికి భయం పెరిగింది, ఆ భయం మెట్టుమెట్టుగా దిగి మన కల్లం దాకా వచ్చింది. ఏ మందు కొట్టారో రాసి పెట్టుకునే పది, పదిహేను మంది రైతులతో ముందే మాట్లాడుకుని, వారి కాయను వేరుగా ఏసీలో, అంటే శీతల గిడ్డంగిలో, పెట్టించి, వేరుగా అమ్మితే, యార్డు ధర మీద కొంత ఎక్కువ అడగవచ్చు. దీనికి 10 లక్షలతో మొదలుపెట్టవచ్చు, పైగా సముద్రం దాటనక్కర లేదు.

లబ్బీపేట ఆడిటరు (జవాబు)

విజయవాడలో చార్టర్డ్ అకౌంటెంటుగా పనిచేస్తున్నాను. మిర్చి గురించి పై జవాబు తరువాత నేను చెప్పేది లేదు. ఫండ్ల గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే ప్రశ్న అడిగినవారు ఒక పొరపాటు మెట్టు మీద నిలబడి ఉన్నారు.

ఒక దేశంలో కొనేవారు పెరిగితే ఆ దేశపు షేర్లు కొన్నవారికి లాభం వస్తుందన్నది వినడానికి సహజంగా ఉంటుంది. చైనా విషయంలో ముప్పై ఏళ్లుగా అది జరగలేదు. చైనా కంపెనీల షేర్ల తీరును కొలిచే ఎంఎస్‌సీఐ చైనా సూచీ 1992 చివర 100 దగ్గర మొదలైంది. ఆ తరువాత ఆ దేశ ఆర్థిక వ్యవస్థ ఎన్నో రెట్లు పెరిగింది, ఊళ్లకు ఊళ్లే పట్టణాలయ్యాయి. అయినా 2022 అక్టోబరులో ఆ సూచీ, డివిడెండ్లు కలపని లెక్కలో, 100కు దిగువనే ఉంది. కంపెనీలు ఎదిగిన మాట నిజమే కానీ, అవి ఎదుగుతూ కొత్త షేర్లు జారీచేస్తూ పోయాయి, పాతవారి వాటా పలుచబడింది.

చైనా కాఫీ దుకాణాల కంపెనీ లకిన్ కాఫీ కథ చూడండి. అమ్మకాలను సుమారు 220 కోట్ల యువాన్ల మేరకు కల్పించి చూపినట్టు 2020 ఏప్రిల్‌లో బయటపడింది, ఆ ఏడాదే అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజి నాస్డాక్ నుంచి తొలగించారు. షేర్లు పట్టుకున్నవారు నిండా మునిగారు. అదే కంపెనీ 2023 నాటికి చైనాలో దుకాణాల సంఖ్యలోనూ అమ్మకాల్లోనూ స్టార్‌బక్స్‌ను దాటింది. తాగేవారు పెరిగారు, వాటాదారు మాత్రం మధ్యలోనే బండి దిగిపోయాడు.

దీనికి ప్రభుత్వం చేయి కూడా తోడవుతుంది. 2020 నవంబరులో అలీబాబా అనుబంధ ఆర్థిక సేవల సంస్థ యాంట్ గ్రూపు షేర్ల జారీ చివరి ఘడియలో ఆగిపోయింది. 2021 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ వ్యాపార సంస్థ అయిన ఆ అలీబాబా మీదే 1,820 కోట్ల యువాన్ల జరిమానా పడింది. అదే ఏడాది జులైలో స్కూలు పాఠాలకు ట్యూషన్ చెప్పే కంపెనీలు లాభం చేసుకోరాదని నిబంధన వచ్చింది. పిల్లల చదువు మీద మధ్యతరగతి పెట్టే ఖర్చును నమ్ముకుని ఆ షేర్లు కొన్నవారి లెక్క తప్పు కాదు. కోచింగు కాలేజీల మధ్య బతికే బెజవాడ వాళ్లమైన మనకు ఆ లెక్క ఇంకా బాగా అర్థమవుతుంది. కానీ ఒక్క ఉత్తర్వుతో మొత్తం వ్యాపారమే పోయింది.

ఇంత చెప్పాక కూడా పెట్టాలనిపిస్తే, మన దేశంలోనే దొరికే చైనా ఫండ్లు, హాంగ్‌కాంగ్ షేర్ల సూచీని అనుసరించే హాంగ్‌సెంగ్ ఈటీఎఫ్‌లు (షేరులా మార్కెట్లో కొని అమ్మే ఫండ్లు) ఉన్నాయి, రూపాయల్లోనే కొనవచ్చు. అయితే విదేశీ పెట్టుబడులకు మ్యూచువల్ ఫండ్ల పరిశ్రమ మొత్తానికి రిజర్వు బ్యాంకు 700 కోట్ల డాలర్ల పరిమితి పెట్టింది. అది నిండడంతో 2022 మొదట్లో చాలా ఫండ్లు కొత్త సొమ్ము తీసుకోవడం ఆపాయి. మీరు కొనాలనుకునే రోజున తలుపు తెరిచి ఉందో లేదో చూసుకోండి. ఈటీఎఫ్ అయితే ఇంకొక చిక్కు ఉంది: కొత్త యూనిట్లు రానప్పుడు, మార్కెట్లో దాని ధర అసలు విలువ కంటే ఎక్కువ పలుకుతుంది. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడకుండా కొనవద్దు. డాలర్లలోకి మార్చి విదేశీ బ్రోకరు ద్వారా కొనే దారిలో ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. అది రిటర్నులో సర్దుబాటు అవుతుంది కానీ, అంతదాకా మీ డబ్బు ఇరుక్కుని ఉంటుంది. మీ వయసుకు, మీరు చెప్పిన బాధ్యతలకు, ఈ పద్దులో 3 లక్షలు మించి పెట్టమని నేను చెప్పను. అది కూడా ఒక్కసారిగా కాదు.

పాత వైద్య విద్యార్థిని (జవాబు)

నేను 2008 నుంచి ఆరేళ్లు చైనాలో ఎంబీబీఎస్ చదివాను, ఇప్పుడు గుంటూరులో ప్రాక్టీసు చేస్తున్నాను. పెట్టుబడి గురించి నాకు తెలియదు. ‘40 కోట్ల మధ్యతరగతి’ అన్న మాట మీద మాత్రం ఒక మాట చెప్పాలనిపించింది.

ఆ లెక్క ప్రకారం ముగ్గురున్న కుటుంబానికి ఏడాదికి లక్ష నుంచి 5 లక్షల యువాన్ల ఆదాయం ఉంటే మధ్య ఆదాయ వర్గం. లక్ష యువాన్లంటే మన డబ్బుల్లో సుమారు 12, 13 లక్షలు. అక్కడి పెద్ద నగరంలో ఇంటి అప్పు కడుతూ ఒక పిల్లను చదివించే కుటుంబానికి అది చాలీచాలని ఆదాయం. అదే దేశంలో 60 కోట్ల మంది నెలకు వెయ్యి యువాన్ల మీద బతుకుతున్నారని 2020 మే నెలలో అప్పటి ప్రధాని లీ కచియాంగ్ స్వయంగా చెప్పారు. రెండు అంకెలూ ఒకే దేశానివి.

నాతో చదివిన చోంగ్‌చింగ్ అమ్మాయితో ఇప్పటికీ మాట్లాడుతుంటాను. ఆమె భర్త, ఆమె ఇద్దరూ ఉద్యోగస్తులు. 2019లో ఫ్లాటు కొన్నారు. 2021లో ఇళ్లు కట్టి అమ్మే పెద్ద కంపెనీ ఎవర్‌గ్రాండ్ అప్పులు కట్టలేక చేతులెత్తేసిన తరువాత ఇళ్ల ధరలు పడుతూ వచ్చాయి, వారి ఫ్లాటు విలువ ఇప్పుడు కొన్న ధరకు చాలా దిగువన ఉంది. ఆదాయం తగ్గలేదు, అయినా ఖర్చు తగ్గించుకున్నారు. మునుపు సెలవు రోజున నలుగురితో కలిసి పేరున్న హాట్‌పాట్ రెస్టారెంటుకు వెళ్లేవారు, ఇప్పుడు పులుసు ముద్ద పొట్లం తెచ్చుకుని ఇంట్లోనే వండుకుంటున్నారు. ఆ హోటళ్లలో అన్నిటికంటే పెద్దదైన హైదిలావ్, అతిగా విస్తరించామని ఒప్పుకుని, 2021 నవంబరులో సుమారు 300 శాఖలు మూసివేస్తున్నట్టు ప్రకటించింది. అయితే కారం తినడం మాత్రం ఎవరూ మానలేదు. ఈ సంగతి మిర్చివారికి పనికొస్తుందేమో చూడండి.

చీమకుర్తి బండ (జవాబు)

మాది ప్రకాశం జిల్లా, గ్రానైటు రవాణా వ్యాపారం. డాక్టరు గారు చెప్పిన ఇళ్ల ధరల దెబ్బ మాకు నేరుగా తగిలింది. చీమకుర్తి గెలాక్సీ రాయి పెద్ద బండలకు చైనాయే ముఖ్యమైన గిరాకీ. అక్కడ అపార్టుమెంట్ల నిర్మాణం ఆగితే ఇక్కడ లారీ ఆగుతుంది. తినేది అమ్మండి, కట్టేది అమ్మకండి. రొయ్యల వారిని కూడా అడిగి చూడండి, అమెరికా తరువాత మన రొయ్యలకు పెద్ద కొనుగోలుదారు చైనాయే.

అరండల్‌పేట వాసి (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. ఆడిటరు గారి 1992 లెక్క చదివాక ఫండ్ల మీద మోజు చాలావరకు తగ్గింది. 3 లక్షలు ఏడాది పొడుగునా నెలకింత చొప్పున పెడతాను, పోయినా నిద్ర పడుతుంది. నిన్న రాత్రి బావగారితో కూర్చుని మొదటి జవాబు పూర్తిగా చదివి వినిపించాను. కంటెయినరు లెక్క దగ్గర ఆయన నవ్వలేదు. శుద్ధిచేసిన లాట్ల ఆలోచన ఆయనకు నచ్చింది కానీ, రైతు తన కాయను వేరుగా పెట్టడానికి ఒప్పుకుంటాడా అన్నది ఆయన అనుమానం. ఇంకొక ప్రశ్న: ఓలియోరెసిన్ (మిర్చిలోని రంగు, ఘాటు ఉన్న సారం) తీసిన తరువాత మిగిలే మిర్చి పిండిని కూడా చైనా కొంటుందని ఎక్కడో చదివాను. అందులో చిన్నవారికి చోటు ఉందా?

ఏసీ సరుకు (జవాబు)

పిండి ఎగుమతికి 2019 మే నెలలో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరిన మాట నిజమే. కానీ ఓలియోరెసిన్ తీసే ప్లాంటు పెట్టాలంటే కోట్లు కావాలి, పిండి ఆ ప్లాంటు ఉన్నవారి గుమ్మంలోనే దొరుకుతుంది. మీకు చోటు లేదు.

రైతు ఒప్పుకోడన్న మీ బావగారి అనుమానం సగం సరైనదే. ఉత్త మాటకు ఒప్పుకోడు. మీరు చేయవలసింది, నారు పోసేటప్పుడే వెళ్లి, మందుల పుస్తకం చేతికిచ్చి, ల్యాబ్ పరీక్ష ఖర్చు మీరే పెట్టుకుంటామనీ, పరీక్ష నెగ్గిన లాటుకు ఆ రోజు యార్డు ధర మీద క్వింటాలుకు ఇంత అని కాగితం మీద రాసి ఇస్తామనీ చెప్పడం. ఆ ‘ఇంత’ ఎంతో ముందు ఎగుమతిదారు దగ్గర ఖాయం చేసుకోండి, లేకపోతే మీ జేబులోంచి పోతుంది. మొదటి ఏడాది ముగ్గురు రైతులు చాలు. యడ్లపాడు దగ్గర స్పైసెస్ పార్కులో శుద్ధిచేసే యూనిట్లు ఉన్నాయి, కిరాయికి పని చేసిపెట్టేవారు ఎవరున్నారో వెళ్లి విచారించండి. అప్పుడు షెడ్డు కట్టే ఖర్చు కూడా తప్పుతుంది.

సంక్రాంతి వెళ్లాక కొత్త కాయ బాగా దిగుతున్నప్పుడు, కాలేజీకి సెలవు పెట్టి, శని, ఆదివారాలు కాకుండా మామూలు రోజున ఉదయాన్నే యార్డుకు రండి. బేరగాళ్లు మచ్చు చూసేటప్పుడు పక్కన నిలబడి, ఏ టిక్కీని (మిర్చి బస్తాను) ఎందుకు పక్కన పెట్టారో మధ్యాహ్నం దాకా గమనించండి. ముక్కుకు గుడ్డ కట్టుకు రావడం మరిచిపోవద్దు.